అద్దంకి రోడ్డులో కాసేపు ఊరికే కూర్చునే చోట్లు ఎక్కడున్నాయి?

నిజాంపేట కోడలు:

నమస్తే అందరికీ. మేం ఉండేది నిజాంపేటలో, అత్తగారి ఊరు కందుకూరు అవతల. పండగలకీ, పెళ్ళిళ్ళకీ, మామగారికి ఒంట్లో నలతగా ఉందని ఫోనొస్తే ఉన్నపళంగానూ కారులోనే వెళ్తుంటాం. ఔటర్ మీద పెద్ద అంబర్‌పేట దాకా వచ్చి దిగడం, పంతంగి టోలు, నార్కట్‌పల్లిలో కుడికి తిరిగి అద్దంకి రోడ్డు, మేదరమెట్లలో మళ్ళీ పెద్ద హైవే. బండి ఎక్కువగా నేనే నడుపుతాను. మా ఆయనకి రాత్రి షిఫ్టులు. అంబర్‌పేట దాటకముందే నిద్రలో ఉంటాడు.

ఈ దారిలో ఆగడానికి చోట్లు బోలెడు. ఆగినట్టు అనిపించే చోటు మాత్రం దొరకట్లేదు. ఫుడ్ కోర్టులో ఆగితే లోపల టీవీ, బయట స్పీకరు, పక్కన ఏసీ కోసం ఇంజను ఆపకుండా నిలబెట్టిన ట్రావెల్స్ బస్సు. దోశ తిని, పాపని బాత్రూముకి తీసుకెళ్ళి, మళ్ళీ స్టీరింగు ముందు కూర్చునేసరికి దిగినప్పటికంటే ఎక్కువ అలసటగా ఉంటోంది. ఊరు చేరి మంచం మీద వాలాక కూడా తలలో అదే హోరు.

పోయినేడు మిరప కోతలప్పుడు, దాచేపల్లి దాటాక టైరులో గాలి తగ్గిందేమోనని అనుమానమొచ్చి ఓ పల్లె దారిలోకి తిప్పి ఆపాను. కళ్ళం నిండా ఎర్రగా కాయలు ఆరబోసి ఉన్నాయి. ఘాటుకి తుమ్ముతూనే దిగాం. ఇంజను ఆపాక పాప చుట్టూ చూసి “అమ్మా, ఏమీ వినపడట్లేదేంటి?” అంది, కాస్త భయంగానే. ఎనిమిదేళ్ళ పిల్ల. మా అపార్టుమెంటులో రాత్రి రెండింటికి కూడా బోరు మోటారో, జనరేటరో, కింద ఎవరి బుల్లెట్టో మోగుతూనే ఉంటుంది మరి.

అలాంటి చోట్లు ఇంకో రెండు మూడు కావాలి. గూగుల్‌లో కొడితే అరకు, గండికోట అంటూ వీకెండు ట్రిప్పులు చూపిస్తోంది. నేను వెళ్ళాల్సిన ఊరు నాకు ముందే ఉంది కదా, మధ్యలో ఓ ఇరవై నిమిషాలు దొరికితే చాలు. రోడ్డు నుంచి మరీ లోపలికి పోకూడదు. నీళ్ళో, చెట్లో, గుట్టో కనపడాలి. పిల్లతో ఆగినా భయం ఉండకూడదు. ఒక్కోసారి అత్తగారు కూడా ఉంటారు, ఆవిడ మెట్లెక్కలేరు. ఈ దారిలో తిరిగేవాళ్ళు ఎవరైనా చెప్తారా?

రైలుబండి:

సింగరాయకొండలో రైలు దిగితే కందుకూరు దగ్గరే. కిటికీ పక్క సీటు, చేతిలో పల్లీల పొట్లం, స్టీరింగు గోల లేదు. మీరు అడిగింది ఇది కాదని తెలుసు. అయినా చెప్పాను.

పాత ఎక్స్‌ప్రెస్:

బిడ్డా, నేను ఆర్టీసీల డ్రైవర్‌గ చేసి రిటైరైన. మాది నల్గొండ దిక్కే. నువ్వు చెప్పిన తొవ్వల ఎక్స్‌ప్రెస్ నడిపిన, లగ్జరీ నడిపిన, నాలుగు లైన్లు గాకముందు నడిపిన, అయినంక గూడ నడిపిన. రైలాయనకు ఒక్కటే మాట. రైలు మనం ఆగుమన్న కాడ ఆగదు గద!

ముందుగాల ఒక సంగతి తెలుసుకో. ఇంజన్ బంద్ చేయంగనే నిమ్మళం రాదు. రెండు గంటలు నడిపినోళ్ళ చెవుల్ల టైర్ల మోత ఇంకా తిరుగుతనే ఉంటది. ఐదు పది నిమిషాలు పోయినంకనే గాలి సప్పుడు, పిట్టల సప్పుడు ఎరుకైతది. శానామంది దిగుతరు, ఫొటో తీస్కుంటరు, “ఈడ ఏమున్నది” అనుకుంట ఎక్కుతరు. చెవులు కుదుటపడకముందే పోతే ఏముంటది మరి. నువ్వు ఇరవై నిమిషాలు అన్నవు సూడు, అది సరైన లెక్క. దానికంటె తక్కువైతే ఆగకుండ పోవుడే మేలు.

ఇగ రెండోది ఎండ. హైదరాబాద్ నుంచి ఈ తొవ్వ తూర్పు దక్షిణం నడుమ పోతది. పొద్దున ఆరున్నర, ఏడింటికి బయలెల్లినోనికి ఎండ మొఖం మీదనే కొడతది. మాపటికి వాపసొస్తుంటే మళ్ళ మొఖం మీదనే. డ్రైవర్లకు ఇది పెద్ద తిప్పల, కండ్లు గుంజుతయి, ఆ చిరాకు ఇంట్లోళ్ళ మీద పడతది. ఒక్కపారి నాలుగున్నరకు బయలెల్లి చూడు. పొద్దు పొడిచే యాళ్ళకు పానగల్ చెరువు కట్ట మీద ఉండాలె. ఎదురెండల నడిపే అరగంట తప్పుతది, అదే అరగంట కూసొని చూడొచ్చు. కాకపోతే రాత్రి సక్కగ పండుకున్నోళ్ళే అట్ల బయలెల్లాలె. తెల్లారగట్ల మూడు నుంచి ఐదు నడుమ కన్ను మూత పడ్డట్టు ఇంకెప్పుడు పడదు. మా డిపోల పెద్ద పెద్ద డ్రైవర్లు చాయ్ తాగి గూడ ఆ టైంను నమ్మకపోయేది.

పానగల్ నల్గొండను ఆనుకొనే ఉంటది. ఒకప్పుడు కందూరు చోళుల రాజధాని అది, ఆ ఉదయసముద్రం చెరువు వాళ్ళ పేరు మీదిదే. ఇప్పుడు సాగర్ నీళ్ళు ఏఎంఆర్పీ, అంటె మాధవరెడ్డి ప్రాజెక్టు, కాలువల వచ్చి దాన్ని నింపుతయి. చలికాలం పొద్దుగాల మంచు లేస్తుంటే కొంగలు, నీటికోళ్ళు కనవడతయి. చేపలోళ్ళు అప్పటికే తెప్పల మీద ఉంటరు. లతీఫ్ సాబ్ గుట్ట మీద ముందుగాల వెలుగు పడతది, చెరువు మీదికి దిగొచ్చేటాళ్ళకు ఇంకొంచెం సేపు పడతది. ఆ కొంచెం సేపే చూడాలె.

ఆడనే పాత గుళ్ళు రెండు. పచ్చల సోమేశ్వరం ఊర్లనే ఉంది, పక్కన మ్యూజియం. గోడల నిండ రామాయణం, భారతం చెక్కిన్రు. ఛాయా సోమేశ్వరం ఊరవతల పొలాల దిక్కు. నీకు నేను చెప్పేది అది. నడుమ మండపం, దానికి మూడు దిక్కుల మూడు గర్భగుళ్ళు. ఒక గుళ్ళె లింగం ఎనుక గోడ మీద స్తంభం నీడ పొద్దంత నిలబడే ఉంటది. బయట ఎండ ఎటు తిరిగినా ఆ నీడ జరగదు. మండపం స్తంభాల సందుల నుంచి చెదిరి వచ్చే వెలుగుతోని అట్ల అయితదని చదువుకున్నోళ్ళు చెప్తరు. ఏ స్తంభం నీడో కనిపెట్టుమని మీ పాపకు అప్పజెప్పు. అది ఒక్కొక్క స్తంభం కాడ నిలబడి చూసొచ్చేదాక నీకు తీరిక. మీ అత్తమ్మకు మెట్ల తిప్పల ఎక్కువ ఉండదు.

నార్కట్‌పల్లి దాటినంక చెరువుగట్టు గుట్ట కనవడతది, జడల రామలింగేశ్వరుడు. మంచి గుట్టే. కానీ అమావాస్య నాడు ఆ పక్కకు పోవద్దు. రాత్రికి రాత్రి వేలమంది వస్తరు, రోడ్డు మీదనే గంట పోతది. క్యాలెండర్ చూస్కొని బయలెల్లు.

తిప్పర్తి దాటి వేములపల్లి కాడ సాగర్ ఎడమ కాలువ అడ్డమొస్తది. నీళ్ళు ఇడిసిన దినాలల్ల రెండు పక్కల వరి పచ్చగ ఉంటది. చూసుడు వరకే, కాలువల కాలు పెట్టుడు లేదు. పైకి నిమ్మళంగ కనవడతది గని లోపల గుంజుడు ఎక్కువ, ఈత వచ్చినోళ్ళు గూడ పోయిన్రు. మిర్యాలగూడ అంత రైసు మిల్లులు, ఊక నుసి కండ్లల్ల పడతది. ఆడ ఆగకు.

నన్నడిగితే అసలు జాగ వాడపల్లి. కృష్ణ వంతెన ఎక్కకముందే ఊర్లెకు తిరగాలె. మీ హైదరాబాద్ నడుమల కెళ్ళి పోయే మూసీ ఉన్నది సూడు, అనంతగిరి గుట్టలల్ల పుట్టి ఈడికొచ్చి కృష్ణల కలుస్తది. మూసారాంబాగ్ కాడ ముక్కు మూసుకొని దాటుతం గద, ఆ ఏరే. ఈడ చూస్తే అదేనా అనిపిస్తది. రెండేర్లు కలిసే కాడ ఒడ్డు మీద అగస్త్యేశ్వరుని గుడి. ఇంకొకటి నరసింహస్వామి గుడి, దాంట్ల రెండు దీపాలు చూపిస్తరు. స్వామి మొఖం కాడి దీపం ఊగుతది, కింది దీపం ఊగదు. స్వామి శ్వాస అని పూజారి చెప్తడు. నమ్ముడు నీ ఇష్టం, చూసుడు మాత్రం ఇడువకు. మధ్యాహ్నం గుడి తలుపు మూసి ఉన్నా ఏటి ఒడ్డుకు తలుపు లేదు గద. సాగర్ గేట్లు ఎత్తిన్రని పేపర్ల చూస్తే మటుకు పైనే కూసో, నీళ్ళ దాక దిగకు.

దామరచర్ల నుంచి పిడుగురాళ్ళ దాక సిమెంటు లారీలు, సున్నం బట్టీలు. వాడపల్లి లేకపోతే ఆ ముక్కల ఏం లేదు, అద్దాలు ఎత్తుకొని పోవుడే. నరసరావుపేట దాటినంక కోటప్పకొండ. ఏ దిక్కు నుంచి చూసినా మూడు శిఖరాలు కనవడతయంటరు. దానికి ఆగాల్సిన పని లేదు, నడుపుకుంట చూడొచ్చు. నీ మొగుణ్ణి ఆడ లేపు.

ఆఖరికి ఒకటి. నాలుగు లైన్లేసినప్పుడు ఊర్లకు బైపాసులు తీసిన్రు. ఇడిసిపెట్టిన పాత రోడ్డు ముక్కలు ఇంకా ఉన్నయి. బర్లు, సైకిళ్ళు, స్కూలు పిల్లలు తప్ప దాని మీద ఏం తిరగవు. కొన్ని కాడ పాత చింతచెట్లు గూడ మిగిలినయి. ఊరి పేరు బోర్డు చూసి సర్వీసు రోడ్డు దిగితే రెండు నిమిషాలల్ల ఆ నీడ కింద ఉంటవు. హైవే పక్కన తెల్లగీత అవతల మాత్రం ఎన్నడు ఆపకు. ఎనుక నుంచి వచ్చే లారీ డ్రైవర్ నిద్రల ఉన్నడో మెలకువల ఉన్నడో నీకెట్ల ఎరుక?

దిల్‌సుఖ్‌నగర్ టీచరు:

కోడలు గారూ, పెద్దాయన చెప్పినవి రాసిపెట్టుకున్నాను. మేం కూడా బండి తీసేవాళ్ళమే, మాది కర్నూలు దారి. కానీ ఆడవాళ్ళకి ముందు రావాల్సిన విషయం ఆయన రాయలేదు. చెరువు కట్ట మీద బాత్రూములు ఉండవు. నా పద్ధతి ఏంటంటే ముందు పెట్రోలు బంకు, తర్వాత చెరువు. పొద్దున్న ఎనిమిదిలోపు బంకుల్లో కాస్త శుభ్రంగా ఉంటాయి. ఆ పని అయిపోతే ఇంక ఎక్కడైనా నిశ్చింతగా కూర్చోవచ్చు. అది కాకుండా ఎంత అందమైన చోట ఆగినా మనసు అక్కడ నిలవదు.

ఇంకోటి, పూర్తిగా ఎవరూ లేని చోటు నాకొద్దు. మా తమ్ముడు చూపించే చోట్లన్నీ అలాంటివే, వాడికేం. నాకు ఒకరిద్దరు మనుషులు కనపడాలి, వాళ్ళ పనిలో వాళ్ళుండాలి. గుడి అరుగు మీద పూలు కట్టే ముసలమ్మో, నాట్లేసే ఆడవాళ్ళో ఉంటే చాలు. నలుగురు కుర్రాళ్ళు బైకులు ఆపుకుని ఖాళీగా కూర్చుని ఉంటే చోటు ఎంత బాగున్నా ముందుకే. ఈ విషయంలో మొహమాటం, “ఊరికే అనుమానపడుతున్నావు” అనే మాటలు పట్టించుకోవద్దు.

మా దారిలో నాకు ఇష్టమైనది అలంపూర్. బెంగళూరు హైవే మీద బీచుపల్లి దగ్గర కృష్ణ దాటాక, కర్నూలు రాకముందే అలంపూర్ చౌరస్తా వస్తుంది. అక్కడ లోపలికి తిరగాలి. జోగులాంబ గుడి దగ్గర జనం ఉంటారు. నవబ్రహ్మ ఆలయాల ఆవరణ మాత్రం పండగ రోజుల్లో తప్ప ఖాళీగానే ఉంటుంది. బాదామి చాళుక్యుల కాలం నాటివి, పక్కనే తుంగభద్ర. ఆ ఎర్రటి రాళ్ళ మీద సాయంత్రం నాలుగున్నర ఎండ పడేటప్పుడు చూడాలి. అదే ఊళ్ళో సంగమేశ్వరాలయం కూడా ఉంది. శ్రీశైలం ప్రాజెక్టులో మునిగిపోతుందని కూడవెల్లి నుంచి రాయి రాయి విప్పి తెచ్చి ఇక్కడ మళ్ళీ కట్టారు. తొమ్మిదో తరగతి పిల్లలకి పాఠంలో డ్యాముల లాభాలు చెప్తూ నేను ఈ గుడి సంగతి కూడా చెప్తాను, పరీక్షలో రాదని తెలిసినా.

ఇంకా ఓ చిన్న అలవాటు ఉంది మా కారులో. ఒక టోలు నుంచి మరో టోలు దాకా పాటలు ఉండవు, ఫోన్లు ఉండవు, ఎవరూ మాట్లాడరు. కిటికీలోంచి చూడటమే. టోలు దాటాక ఎవరేం చూశారో చెప్పాలి. మా అబ్బాయి మొదట్లో గొణిగేవాడు. ఇప్పుడు వాడే మొదలుపెడతాడు, ముఖ్యంగా నేనూ మా వారూ వాదించుకుంటున్నప్పుడు.

నిజాంపేట కోడలు:

బాబాయ్ గారూ, టీచరు గారూ, ఇద్దరికీ చాలా థ్యాంక్స్. ఎన్నో ఏళ్ళుగా వాడపల్లి వంతెన దాటుతూ అక్కడ కలిసేది మూసీ అని తెలియకుండానే వెళ్ళిపోయాం. మా ఆయనకి చెప్తే నమ్మలేదు, మ్యాపులో చూపించాక “మన మూసీయేనా” అన్నాడు. టీచరు గారూ, బంకు మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మా అత్తగారికి షుగరు, ఆవిడతో వెళ్ళేటప్పుడు నా మ్యాపంతా బంకులే.

టోలు నుంచి టోలు దాకా మౌనం మా పాప ఒప్పుకుంటుందో లేదో చూడాలి. మా ఆయన ఎలాగూ ఆ నియమం పాటిస్తూనే ఉన్నాడు, గురక తప్ప.

బాబాయ్ గారూ, ఇంకొక్కటి అడగనా? కార్తీకంలో అత్తగారిని శ్రీశైలం తీసుకెళ్ళాలని ఉంది. అడవి రోడ్డు కదా, అక్కడైతే ఎక్కడంటే అక్కడ ఆగొచ్చు అనుకుంటున్నాను.

మొయినాబాద్ నుంచి:

మధ్యలో దూరుతున్నాను. అంత దూరం కుదరని వారం ఉంటే అప్పా జంక్షన్ నుంచి చేవెళ్ళ మీదుగా మన్నెగూడ వైపు పొద్దున్నే ఒకసారి రండి. రోడ్డుకి రెండు పక్కలా పాత మర్రిచెట్లు వందల్లో ఉన్నాయి, కొన్నిచోట్ల కొమ్మలు పైన కలిసిపోయి రోడ్డు మీద ఎండే పడదు. రోడ్డు వెడల్పు పనిలో ఇవి పోకూడదని జనం కోర్టుల దాకా వెళ్ళారు. శని, ఆదివారాలు మాత్రం ఫామ్‌హౌసులకి వెళ్ళే కార్లతో మా ఊరి రోడ్డు ఎస్సార్ నగర్ అయిపోతుంది. మంగళవారమో బుధవారమో రండి.

పాత ఎక్స్‌ప్రెస్:

టీచరమ్మ చెప్పింది నిజమే. మేం మగోళ్ళం, ఆ దిక్కు ఆలోచన రాలే. మా కండక్టరమ్మలు డ్యూటీల ఎంత తిప్పలు పడేదో చూసిన గూడ రాయలే.

బిడ్డా, శ్రీశైలం తొవ్వల ఎక్కడంటే అక్కడ ఆగుడు లేదు. మన్ననూరు చెక్‌పోస్టు దాటితే అమ్రాబాద్ పులుల అడవి. రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాక గేటు బంద్ పెడతరు. ప్లాస్టిక్ తీస్కపోనియ్యరు. నడుమల దిగి ఫొటోలు దిగుడు, కోతులకు మక్కకంకులు పెట్టుడు చేయొద్దు. కోతులు తిండికి మరిగి రోడ్డు మీదికొచ్చి టైర్ల కింద పడి సస్తయి, డ్రైవర్లం రోజూ చూసేటోళ్ళం. ఆ అడవిల నిమ్మళం కావాలంటే బండి నలభై మీద నడుపు, ఏసీ బంద్ పెట్టి అద్దాలు సగం దించు. ఫరహాబాద్ దాటే యాళ్ళకు గాలే మారుతది. దిగి కూసోవాలంటే అడవికి ముందే డిండి ప్రాజెక్టు ఉన్నది, రోడ్డు పక్కనే నీళ్ళు. ఆడ ఆగు, మీ అత్తమ్మ కాళ్ళు చాపుకుంటది. అడవి దాటినంక శ్రీశైలం డ్యాం కాడ వ్యూ పాయింటు ఉన్నది గని, గేట్లు ఎత్తిన్రంటే ఆడ జాతరే.

మోదుగుపూలు చూడాలనుకుంటే ఫాల్గుణంల పో. హోళీ ముందర ఆమనగల్ దాటిన కాడ నుంచి చెట్లకు ఆకు ఉండదు, పువ్వే ఉంటది. బతుకమ్మ యాళ్ళకైతే రెండు పక్కల తంగేడు, గునుగు. కార్తీకంల పోతనంటవా, పో. కార్తీక సోమవారం, పున్నమి మాత్రం ఇడిసిపెట్టు. ఆ దినాలల్ల మన్ననూరు నుంచే కార్ల లైను. బుధవారం పొద్దుగాల ఆరింటికి గేటు కాడ ఉండేటట్టు చూస్కో, అంటె ఇంటి కాడ మూడు లోపల బయలెల్లాలె. ఆ రోజు బండి నీ మొగుణ్ణి నడపమను. ముందు రోజు షిఫ్టుకు లీవు పెట్టుమను.